పగటి వంతు

ఆ వానాకాలమంతా మా నాయన ప్రాణం మా ఆయన కుడిచేతి కింద ఉండేది. మాట వరసకు అనడం లేదు. బెంగళూరు దగ్గర చందాపురలో పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంటు ఒకటి లేస్తోంది. ఇటుకలూ, సిమెంటు బస్తాలూ, కలిపిన మాలూ పైకి మోసే లిఫ్టును నడిపేది మా ఆయన మునీంద్ర. పై అంతస్తుల్లో గోడలకు పూత పూసేది మా నాయన పెద్దమునియప్ప. మనుషులు ఎక్కకూడదని ఆ లిఫ్టు మీద ఎర్రరంగుతో రాసిపెట్టారు. అయినా అందరూ ఎక్కేవాళ్ళు. మోకాళ్ళు అరిగిపోయిన అరవై ఏళ్ళ మనిషిని రోజుకు మూడుసార్లు అన్ని మెట్లు ఎక్కి దిగమంటే అయ్యే పనేనా? పైగా కింద బ్రేకు పట్టుకుని కూర్చున్నది సొంత అల్లుడు. ఆ ధీమా మా నాయనకు చాలా ఉండేది.

ఆ లిఫ్టుకు గోడలుండవు. నాలుగు ఇనుప కంబాల మధ్య ఒక రేకు పలక, దాన్ని లాగే ఇనుప తాడు, అంతే. పైకి పోయేటప్పుడు మోటారు లాగుతుంది. దిగేటప్పుడు మాత్రం కింద కూర్చున్న మనిషి బ్రేకు వదులుతూ, పడుతూ దింపాలి. మునీంద్ర తొమ్మిదేళ్ళుగా ఆ పని చేస్తున్నాడు. నిండు బిందెను నేల మీద పెట్టినట్టు దింపుతాడని సైటులో పేరు.

ఇక నా సంగతి. నా పేరు రంజిత. అత్తిబెలె దారిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చెకింగు టేబులు దగ్గర పని. కుట్టు తప్పిన చొక్కా నా కంటిని తప్పించుకోలేదు, తప్పు చేసిన మనిషి నా నోటిని తప్పించుకోలేడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ బతికినన్నాళ్ళూ చెప్పింది, నేను వింటేగా! సిగ్గుపడకుండా ఇంకోటి కూడా చెప్పేస్తాను. ముప్పై ఒక్కేళ్ళ సంసారిని, ఫోన్లో ఆట ఆడేదాన్ని. ఆడడమేమిటి, ఒక గుంపుకు నాయకురాలినే.

ఆట పేరు రణకోట. ఎనిమిది మంది కలిసి ఒక కోట కట్టుకోవాలి. సీజన్ అంటే ఎనిమిది వారాలు. ఎప్పుడు ఎవరు దాడి చేస్తారో తెలియదు. దాడి మొదలైతే ఫోను గంట కొడుతుంది. మనవాళ్ళలో ఎవరో ఒకరు వెంటనే ఆట తెరిచి, గేటు మూసి, శత్రువులు వెనక్కి పోయేదాకా దాన్ని వేలితో ఒత్తి పట్టుకోవాలి. పట్టుకుంటే కోట నిలుస్తుంది. లేకపోతే ధాన్యమంతా దోచుకుపోతారు, పట్టికలో కిందికి జారిపోతాం. గెలిస్తే పైసా రాదు. పేరు పైకి పోతుంది, అంతే. మా గుంపు పేరు ముద్ద బ్యాచ్. బాగేపల్లి, చేళూరు, హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో పడ్డవాళ్ళమే అందరమూ.

సీజన్ మొదలయ్యే ముందు ఆదివారం మంజునాథ్ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మా చిన్నాయన కొడుకు. మడివాళలో పీజీ హాస్టల్లో ఉంటాడు, కంప్యూటరు ఉద్యోగం. పీజీ వంట తినలేక నెలకోసారి రాగిముద్ద కోసం మా ఇంటికి బస్సెక్కుతాడు.

“అక్కా, ఈసారి కావలిభటుణ్ణి పెట్టినారు, చూసినావా?” అన్నాడు కూర్చుంటూనే.

కావలిభటుడంటే ఆటవాళ్ళు కొత్తగా అమ్మకానికి పెట్టిన సదుపాయం. సీజన్‌కు ఇంత అని కడితే, దాడి వచ్చినప్పుడల్లా వాడే గేటు మూసి పట్టుకుంటాడు. మనం ఫోను ముట్టుకోనక్కర లేదు.

“చూసినా. అది దొంగాట,” అన్నాను.

“దొంగాటేందక్కా! వాడు కత్తి ఇస్తాడా, బలం ఇస్తాడా? నువ్వు చేసే పనే వాడూ చేస్తాడు. కత్తులమ్మితే పే టు విన్ అను, డబ్బు పోసి గెలిచినారను, ఒప్పుకుంటా. ఇది సుమ్మనే, ఉత్త సౌకర్యం.”

“సౌకర్యమంట సౌకర్యం! దుడ్డుండేవాడు కొనుక్కోని కాళ్ళు చాపుకోని పండుకుంటాడు. లేనోడు ఫోను పట్టుకోని కాచుకోనుంటాడు. ఇద్దరూ ఒకటేనా?”

“కాచుకుంటే వాని కోట కూడా నిలస్తాది గదా. మరి వీడు డబ్బుతో గెలిచినట్లెట్ల?”

ముద్ద తుంచుకుంటున్న మా నాయన నవ్వాడు. ఆయనకు ఆట తెలియదు గానీ వాదన అర్థమైంది. “మా ఊర్లో నీళ్ళ వంతులుండె మంజూ. బాయి ఒకటే, మడులు అందరివీ. సావుకారు కూలోణ్ణి పెట్టి నీళ్ళు కట్టించుకునె. మేం సొంతంగా పోయి కట్టుకుంటిమి. నీళ్ళ కొలత ఇద్దరికీ ఒకటే. అయితే పొద్దంతా కూలికి పోయొచ్చి, ఒకసారి నీళ్ళు మళ్ళేసే మడవకాడ్నే నిద్ర తూగి పడితి. మా మడి ఎండిపాయె. సావుకారు మడి ఎప్పుడన్నా ఎండెనా?”

“చూడప్పా, నాయనకుండే బుద్ధి నీ కంప్యూటరుకు లేదు,” అన్నాను మంజునాథ్‌తో.

“సరేలే అక్కా, గుంపుకంతా నేనే కొనిపెడతా. నా ఖర్చే.”

ఆ మాట నాకు చురుక్కుమంది. “నీ బిచ్చం మాకొద్దు. ఈ గుంపులో ఎవరూ కొనగూడదు. వంతులేసుకుందాం. మా తాతలు వంతులేసుకోని పంటలు పండించలేదా? డబ్బిచ్చి కొన్న గెలుపు గెలుపే కాదు.”

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎంగిలి చెయ్యి కడుక్కుని, అప్పటికప్పుడు కాగితం తీసి వంతులు రాయడం మొదలుపెట్టాను. తెల్లవారుజాము మా గుంపులోని రామాంజికి, అతను ఆ వేళకు క్యాబ్ పక్కన పెట్టేసి ఉంటాడు. సాయంత్రం నాకు. రాత్రి మంజునాథ్‌కు, ఇంకో ఇద్దరికి. పగలు పది నుంచి రెండు దాకా ఎవరూ దొరకలేదు. నా ఫోను పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టెలో పెట్టించుకుంటారు, సాయంత్రం గానీ ఇవ్వరు. మంజునాథ్‌కు మీటింగులు.

“నువ్వు ఊరికే కూర్చోనుంటావు గదా,” అన్నాను మునీంద్రతో.

“ఊరికేనా?” అన్నాడు.

“అంటే, మాలు పైకి పోయినంక, వాళ్ళు దించుకునేదాకా నీకు పనేముండాది?”

మునీంద్ర ఒకసారి మా నాయన వైపు చూశాడు. మా నాయన సాంబారు పోసుకుంటున్నాడు. “సరే, రాయి,” అన్నాడు మునీంద్ర.

పది నుంచి రెండు, మునీంద్ర అని రాశాను.

మునీంద్ర మాటలు తక్కువ మనిషి. పెళ్ళైన ఎనిమిదేళ్ళలో ఆయన గట్టిగా నవ్వింది నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. అలాంటివాడు మూడు వారాలు తిరిగేసరికి ఇంటికి వస్తూనే కబుర్లు మొదలుపెట్టాడు. ఎన్ని దాడులు తిప్పికొట్టాడో, ఎవరేం మెసేజీ పెట్టారో, అన్నం తింటూ అన్నీ చెప్పేవాడు. దాడులు ఎక్కువగా పగలే వచ్చేవి, అందరూ పనుల్లో ఉండే వేళ చూసి కొట్టేవాళ్ళు. మునీంద్ర ఒక్కటి కూడా వదల్లేదు. గుంపులో అతనికి కోటప్ప అని పేరు పెట్టారు. ఆ మెసేజీలు నాకు చూపించేటప్పుడు మొహం వెలిగిపోయేది. నాకూ ముచ్చటగా ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

నాలుగో వారంలో జల్లు పట్టుకుంది. ఆగదు, గట్టిగా కురవదు. ఒకరోజు సాయంత్రం మునీంద్ర చెప్పులు విప్పుతూనే నవ్వాడు.

“ఈ పొద్దు పన్నెండో అంతస్తుకు పంపిన మాలు తొట్టి ఆగకుండా పైకి పోయింది. పైన కంబికి కొట్టుకోని మాలంతా కిందికి కారిపాయె. కింద నిలబడినోళ్ళు అందరూ తెల్లగా అయిపోయినారు.”

“అప్పుడు దాడి వచ్చిందా?” అని అడిగాను.

నవ్వు ఆపేశాడు. “మిషను తడిసింది,” అన్నాడు. చెప్పులు గోడవారకు నెట్టి, “మనం తొమ్మిదికి ఎక్కినాం, చూసినావా?” అన్నాడు.

చూశాను. తొమ్మిదో స్థానం. రోజుకు ఆరువందల చొక్కాలు తిప్పి చూసి, ఒక్క పోగు లేచినా పక్కన పడేసేదాన్ని, ఆ జవాబును మాత్రం మళ్ళీ తిప్పి చూడలేదు. మా నాయన ఆ వేళ కింద లేడని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను, అన్నం పెట్టాను.

ఆ వారమే మంజునాథ్ మళ్ళీ ఫోను చేశాడు. పైనున్న గుంపులన్నీ కావలిభటుణ్ణి కొన్నవే అక్కా, మనమూ కొనేద్దాం అన్నాడు. సగంలో కొంటే మొదటి నుంచీ కొన్నారంటారు, నోరు మూసుకో అని తిట్టాను.

ఏడో వారంలో ఫ్యాక్టరీలో కరెంటు పోయి మధ్యాహ్నం ముందే ఇంటికి పంపేశారు. ఎలాగూ ఖాళీనే కదా అని మా నాయనకు వేడివేడిగా అన్నం కట్టుకుని సైటుకు పోయాను. గేటు లోపల అడుగు పెట్టేసరికి లిఫ్టు దిగుతోంది. రేకు పలక మీద మా నాయన నిలబడి ఉన్నాడు, ఒక చేత్తో కంబి పట్టుకుని, ఇంకో చేతిలో తాపీ. అంత ఎత్తున ఆయన చాలా చిన్నగా కనిపించాడు.

కింద టార్పాలిన్ పట్ట పరిచిన చోట మునీంద్ర కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి బ్రేకు మీద ఉంది. ఎడమ తొడ మీద ఫోను, దాని మీద ఎడమ బొటనవేలు. తల వంచుకుని ఉన్నాడు.

పలక వేగం పెరిగింది. నాకు తెలిసింది. మునీంద్రకు తెలియలేదు. ఏయ్ అని అరవబోయాను. రెండో అంతస్తు దాటాక మునీంద్ర తలెత్తాడు, బ్రేకు లాగాడు. నేలకు జానెడు ఎత్తులో పలక ఎగిరి ఆగింది. మా నాయన మోకాళ్ళు మడతపడ్డాయి, కంబి పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

“ఏమల్లుడా, ఈ పొద్దు ఎక్స్‌ప్రెస్ చేసినావే!” అని నవ్వాడు. నన్ను చూసి, “నువ్వేంది పాపా ఈ వేళప్పుడు?” అంటూ నా చేతిలో క్యారియరు అందుకున్నాడు.

నేను మునీంద్ర దగ్గరికి పోయాను. ఆయన నా మొహం కూడా చూడకుండా ఫోను తిప్పి చూపించాడు. “మూడు!” అన్నాడు.

ఆ సాయంత్రం తనే అన్నాడు, నేను అడగకముందే. “వద్దంటే మానేస్తా రంజితా. నాకూ ఒకోసారి భయమవుతా ఉండాది. కనీసం మామ ఎక్కినప్పుడన్నా...”

నేను పట్టిక తెరిచి చూస్తున్నాను. మూడో స్థానం. మా పైన రెండే గుంపులు, రెండూ డబ్బు కట్టినవే. కింద వందల గుంపులు. ఒక్క వంతు ఖాళీ అయితే ఎక్కడికి జారిపోతామో నాకు బాగా తెలుసు.

“ఇంగ పన్నెండు దినాలే గదా,” అన్నాను. “స్వల్ప జాగ్రత్తగా చూసుకో.”

“ఊఁ,” అన్నాడు. నేను ముద్దకు ఎసరు పెట్టాను.

ఆరు రోజుల తరువాత సాయంత్రం, ఫ్యాక్టరీ గేటు దగ్గర నా ఫోను నా చేతికి వచ్చింది. తెరిస్తే రెండు సంగతులున్నాయి. ఒకటి ఆటది. “ముద్ద బ్యాచ్ కోట నిలిచింది. కాపాడినవారు: మునీంద్ర. 11.52. మీరిప్పుడు రెండో స్థానంలో ఉన్నారు.” రెండోది పంతొమ్మిది మిస్డ్ కాల్స్. మొదటిది 11.55కి మునీంద్ర నుంచి.

నేను ముందు ఆటదే చదివాను. చదివి సంతోషపడ్డాను. ఎంతసేపంటే, ఆ పక్కనే ఉన్న పంతొమ్మిది అంకె చూసేదాకా. ఇంత బతుకూ బతికి నేను సిగ్గుపడేది ఆ నాలుగు సెకన్లకే.

ఆసుపత్రి నడవాలో మునీంద్ర గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా మీద మాలు ఎండి పెచ్చులు కట్టింది. నన్ను చూసి లేవలేదు. “బ్రేకు తడిసింది,” అన్నాడు. మళ్ళీ అన్నాడు, “వాన గదా, తడిసింది.”

పలకతో పాటు నేలకు కొట్టుకుని మా నాయనకు తుంటి విరిగింది, వెన్నులో రెండు చోట్ల నలిగింది. కాళ్ళకు పట్టు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు. కాంట్రాక్టరు వచ్చి మంచం పక్కన నిలబడి, బోర్డు రాసి పెట్టినాక లిఫ్టు ఎవరెక్కమన్నారని అడిగాడు. మునీంద్ర తల దించుకున్నాడు.

“నాదే తప్పు సార్,” అన్నాడు మా నాయన. “అల్లుడు వద్దనె. నేనే ఎక్కితి. వానకు బ్రేకు జారింది, ఎవరేం చేస్తారు?”

మునీంద్ర ఎప్పుడూ వద్దనలేదు. నాకు తెలుసు. కాంట్రాక్టరు మాత్రం బతికిపోయాననుకుని, ఆసుపత్రి సంగతి తాను చూసుకుంటాననీ, గలాటా వద్దనీ చెప్పి వెళ్ళిపోయాడు.

మంజునాథ్ కూడా వచ్చాడు. నడవాలో నా పక్కన కూర్చుని, “అక్కా, నేను కొనిపెడతానంటే...” అని ఆగిపోయాడు. కొట్టినా బాగుండేది. కొన్నవాళ్ళే ఖర్చు పెట్టారు, మేము ఊరికే ఆడుతున్నాం అనుకున్నాను నేను. 11.52 సంగతి వాడికి కూడా తెలుసు, గుంపులో అందరికీ కనిపిస్తుంది కదా. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు. వంతు రాసిన చెయ్యి నాది, ఎవరిని తిట్టను?

సీజన్ రెండో స్థానంతోనే అయిపోయింది. అభినందనలంటూ బంగారు రంగు జెండా ఒకటి వచ్చింది. నేను ఆటను ఫోన్లోంచి తీసేశాను. మునీంద్ర తీయలేదు.

లిఫ్టుకు కొత్త బ్రేకు వేసి నాలుగో రోజే పని మొదలుపెట్టారు. మునీంద్ర మళ్ళీ అక్కడే కూర్చున్నాడు. మా నాయనను ఇంటికి తెచ్చి ముందుగదిలో మంచం వేశాక, మునీంద్ర ఆ గదిలో అన్నం తినడం మానేశాడు. గడప మీద కూర్చుని, వీధి వైపు తిరిగి, ఫోను చూసుకుంటూ తినేవాడు. శ్రావణంలో కొత్త సీజన్ మొదలైంది. ఆ రోజు సాయంత్రం నేను పోయి గడప దగ్గరే నిలబడ్డాను.

“ఇంగ చాలప్పా. ఆపేయి. నీకు దండం పెడతా.”

“ఇప్పుడు గుంపుకు నేనే పెద్ద. నన్ను నమ్ముకోని ఆరుగురుండారు.”

“అయితే కావలిభటుణ్ణి కొను. మంజుకు నేనే చెప్తా.”

మునీంద్ర తలెత్తి నన్ను చూశాడు. ఆ కళ్ళు చూస్తే భయమేసింది. “డబ్బిచ్చి కొన్న గెలుపు గెలుపే కాదని ఎవరన్నారు?” అన్నాడు. “నేను ఇంతవరకూ ఒక్క దాడి వదల్లేదు రంజితా. ఒక్కటి కూడా.” మళ్ళీ ఫోనులోకి తల దించేశాడు. ఇంట్లో ఎవరిని కాపాడలేకపోయాడో ఆయనకు తెలుసు. కోటను కాపాడావని ఆ ఫోను ఒక్కటే చెబుతోంది. దాన్ని చేతిలోంచి లాక్కునే ధైర్యం నాకు లేకపోయింది.

తరువాతి వారం నాకు సెలవు వచ్చిన రోజున, మునీంద్ర పనికి పోయాక మా నాయన కేకేశాడు. దిండు ఎత్తు చేయమన్నాడు. చేశాను. కాళ్ళ మీద దుప్పటి సర్దాను. ఆ కాళ్ళు నేను సర్దిన చోటే ఉన్నాయి.

“పాపా, ఆ కోట ఆట నీ ఫోన్లో ఉండాదా?”

“తీసేసినా నాయనా.”

“మళ్ళీ పెట్టు. నాకు నేర్పించు.”

“నీకెందుకు నాయనా ఆ దరిద్రం?” కోపం వచ్చింది నాకు, ఏడుపు కూడా వచ్చింది. “దాని పేరెత్తద్దు ఈ ఇంట్లో.”

“అరవద్దు, విను. పదినుంచి రెండు దాకా వంతు నాకియ్యి. పొద్దంతా పండుకోనుండేదే గదా, నాకేం పని? అల్లునికి చెప్పు, పగటి వంతు ముసలోడు చూసుకుంటాడంట, నువ్వు ఫోను ఇంట్లో పెట్టి పో అని.” దుప్పటి అంచు పైకి లాక్కున్నాడు. “యాదగిరి నుంచి కొత్త కూలోళ్ళు వచ్చినారంట సైటుకు. పద్నాలుగో అంతస్తు పని నడస్తా ఉండాది. వాళ్ళంతా ఆ లిఫ్టే ఎక్కతా ఉంటారు.”

నేను మంచం అంచున కూర్చుండిపోయాను. వాన, తడిసిన బ్రేకు, వద్దన్నా ఎక్కిన ముసలాయన, ఈ నెలరోజులూ మా ఇంట్లో అందరమూ ఆ మాటలే చెప్పుకుంటున్నాం. ఆయన కూడా వాటినే నమ్ముతున్నాడనుకున్నాను. పలక మీద నిలబడి దిగేవాడికి కింద ఫోనులోకి తల వంచుకున్న మనిషి నడినెత్తి కనిపిస్తుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

“నాయనా,” అన్నాను. “ఆ పొద్దు నువ్వు పైనుంచి చూస్తివా?”

మా నాయన నా చేతిలోని ఫోను కోసం చెయ్యి చాపాడు.

“గేటు యాడ ఒత్తల్ల, అది చూపించు,” అన్నాడు.